పేరులో గ్రోత్ ఉంది, మరి పని ఏంటి?

పోయిన నెల మా అమ్మ ఒక వాట్సాప్ ఫార్వర్డ్ చూపించింది. "ఈ పొడిలో గ్రోత్ ఫ్యాక్టర్ ఉందంట రా, తాగితే మీ నాన్న పాంక్రియాస్ మళ్లీ పెరుగుతుందంట. తెప్పించనా?" అంది. నాన్నకి 11 ఏళ్లుగా షుగర్. వద్దన్నాను గానీ ఎందుకు వద్దో చెప్పలేకపోయా. అందుకే కూర్చుని ఈ చరిత్ర చదివా.

పాంక్రియాస్, అంటే క్లోమం. అందులోని బీటా కణాలు ఇన్సులిన్ తయారు చేస్తాయి. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ దాన్ని బయటికి తీశారు. ఈ కథ మీకు తెలిసే ఉంటుంది. మనకి కావాల్సింది ఆ తర్వాతది.

1957. అమెరికాలోని సెయింట్ లూయిస్. సాల్మన్, డాహడే అనే ఇద్దరు గ్రోత్ హార్మోన్‌ని నేరుగా ఎలుక మృదులాస్థి ముక్కల మీద వేశారు. పెద్దగా ఏమీ జరగలేదు. హార్మోన్ ఇచ్చిన ఎలుక సీరం వేస్తే మాత్రం పని జరిగింది. అంటే మధ్యలో ఇంకేదో ఉంది.

1963. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్. ఫ్రోష్ టీమ్ సీరంలోని ఇన్సులిన్‌ని యాంటీబాడీలతో ఆపేసింది. అయినా ఇన్సులిన్ చేసే పని జరుగుతూనే ఉంది! ప్రాసెస్ కిల్ చేశాక కూడా అవుట్‌పుట్ వస్తే మనకెలా ఉంటుంది? అలాగన్నమాట.

1978లో జ్యూరిక్‌లోనే రిండర్‌క్నెక్ట్, హుంబెల్ ఆ పదార్థం నిర్మాణం బయటపెట్టారు. అచ్చం ఇన్సులిన్‌కి తోబుట్టువులా ఉంది. అందుకే ఇన్సులిన్ లైక్ గ్రోత్ ఫ్యాక్టర్, ఐజీఎఫ్ అన్నారు. సెయింట్ లూయిస్ వాళ్లు వెతికింది కూడా ఐజీఎఫ్-1నే అని తేలింది.

బీటా కణాల మీద ఈ ఐజీఎఫ్-1ని అందుకునే రిసెప్టర్లు ఉంటాయి. పేరులోనే గ్రోత్ ఉందిగా, రిసెప్టర్ తీసేస్తే కణాలు తగ్గిపోవాలి కదా? 2002లో బోస్టన్‌లో కులకర్ణి టీమ్ ఎలుకల్లో, ఒక్క బీటా కణాల్లోనే ఆ రిసెప్టర్ లేకుండా చేసింది. కణాల మొత్తం తగ్గలేదు. కానీ చక్కెర పెరిగినప్పుడు అవి ఇన్సులిన్‌ని సరిగ్గా వదల్లేకపోయాయి. సర్వర్లన్నీ ఉన్నాయి, రిక్వెస్ట్ వస్తే రెస్పాన్స్ లేదు.

నాకు ఇక్కడే లైట్ వెలిగింది. గ్రోత్ ఫ్యాక్టర్ అంటే మొక్కకి వేసే ఎరువు కాదు. క్లోమం ఎంత పెద్దగా ఉందన్నదొక్కటే కాదు, టైమ్‌కి పని చేస్తుందా లేదా అన్నది కూడా దాని చేతిలో ఉంది.

మరి ఆ పొడి? ఐజీఎఫ్ ఒక ప్రొటీన్. మింగితే పప్పులో ప్రొటీన్ అరిగినట్టే అరిగిపోతుంది. ఇన్సులిన్‌ని సూదితో ఇచ్చేది కూడా అందుకే. ఇంకో తమాషా ఏంటంటే, అలా ప్రొటీన్లని ముక్కలు చేసే ఎంజైముల్లో కొన్ని వచ్చేది కూడా క్లోమం నుంచే! దాన్ని బాగుచేస్తామని పంపిన పొడిని అదే అరిగించేస్తుంది.

ఈ ఒక్క మాట చెప్పగానే అమ్మ ఫార్వర్డ్ డిలీట్ చేసింది. మీ ఇంట్లో కూడా ఇలాంటిది వస్తే కొనేముందు డాక్టర్‌ని అడగండి, ఇన్సులిన్ మాత్రం ఆపనివ్వకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.