వలస కూలీల చరిత్రము – మన కర్తవ్యము

ఉదరపోషణార్థమై జన్మభూమిని విడిచి పోవుట ఆంధ్రులకు నూతనాచారము గాదు. అయినను, రాజుల దండయాత్రలను వ్రాసినంత శ్రద్ధతో మన చరిత్రకారులు కూలివాని ప్రయాణములను వ్రాసియుండలేదు. ఈ వార్షిక సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాయుడని సంఘమువారు కోరగా, మేమీ విస్మృత విషయమునే గ్రహించితిమి. వలసపోయినవానికి పని దొరకుట యొక విషయము; ఆ పనిలో నతడు పైకి వచ్చుటకు మార్గముండుట మరియొక విషయము. ఈ రెండవదానిని గూర్చియే మా విచారణ.

వినుకొండ సీమ పూర్వమునుండియు మెట్టనేల. వాన కురిసిన పంట, లేనిచో పస్తు. నందన నామ సంవత్సరపు కరువు (1832–33) గుంటూరు మండలమును శ్మశానప్రాయము గావించెను. బెజవాడయొద్ద కృష్ణానది కానకట్ట 1855లో పూర్తియైన పిదప, మెట్టసీమల కూలీలు నాట్లకును కోతలకును డెల్టాకు దిగిపోవుట వాడుకయ్యెను. మనవారిలో పెక్కుమంది యంతటితో నాగిరి. గోదావరి, విశాఖపట్టణము, గంజాము మండలములవారు సముద్రమునే దాటిరి. మనము నేర్వవలసిన పాఠము వారి చరిత్రమున గలదు.

1852లో ఆంగ్లేయులు దిగువ బర్మాను జయించిరి. 1869లో సూయెజు కాలువ తెరువబడుటతో బర్మా బియ్యమునకు ఐరోపాలో గిరాకి హెచ్చెను. ఐరావతీ ముఖభూములందు వరిసాగు విస్తరించెను. మిల్లులకును రేవులకును కూలీలు వలసివచ్చిరి. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి పొగయోడలలో మనవారు వేలకొలది రంగూనునకు బోయిరి. కోరంగి రేవు పేరునుబట్టి అచ్చట తెలుగువారికి 'కోరంగీ' లను పేరు పడెను. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరవాసులలో సగమునకు మించి భారతీయులే. ఓడలకు మూటలు మోయుట, మిల్లులలో బస్తాలెత్తుట, రిక్షాలు లాగుట మొదలగు కష్టతరములైన పనులు మనవారి పాలబడెను.

ఈ పనులకు ద్వారము మేస్త్రి చేతిలో నుండెను. అతడు స్వగ్రామమునకు వచ్చి, ఓడ ఛార్జీ క్రిందను ఇంటిఖర్చు క్రిందను బయానా యిచ్చి, కూలీలను ముఠాగా గూర్చి కొనిపోవువాడు. బయానా తీరువరకు కూలివాడా ముఠాను విడువజాలడు. మిల్లు యజమానులు గాని ఓడల కంపెనీలు గాని కూలివాని చేతికి నేరుగా కూలి నిచ్చుట యరుదు. సొమ్ము గుత్తదారునకు ముట్టును. అతనినుండి పెద్దమేస్త్రికి, అతనినుండి చిన్నమేస్త్రికి, అటనుండి ముఠామేస్త్రికి దిగును. ప్రతి మెట్టునొద్దను కొంత తరిగి, శేషించినది కూలివాని కందును.

కూలివాని కంటికి గనబడిన నిచ్చెనయు నిదియే. తెలివియు బంధుబలమును గలవాడు కొన్నియేండ్లకు తానును ముఠామేస్త్రి కావచ్చును. కాని యది పనిలో నేర్పు హెచ్చుటవలన గలిగిన యభివృద్ధి గాదు. తన యూరివారికి బయానా లిచ్చి, మరికొందరిని తెచ్చుటవలన గలిగినది. ఒకడు మెట్టెక్కవలెనన్న పదిమంది ఋణమున దిగవలెను. రైల్వేలందును తపాలా కచేరులందును గుమాస్తా పనులుండెను గాని యవి యక్షరజ్ఞులకు మాత్రమే లభ్యములు.

శాసనరక్షణ లేదా యని పాఠకులడుగవచ్చును. సింహళమునకును మలయాకును బోవు కూలీల నిమిత్తము 1922లో వలస శాసన మేర్పడెను. కాని 1937 ఏప్రిలు 1వ తేదీవరకు బర్మా హిందూదేశమున నొక రాష్ట్రమే. సముద్రము దాటినను దేశము దాటలేదు గావున, ఆ రక్షణ మనవారికి వర్తింపలేదు. 1931లో వెలువడిన రాయల్ కార్మిక కమిషను నివేదిక బర్మా కూలీలను గూర్చి ప్రత్యేకముగా చర్చించెను గాని మేస్త్రి పద్ధతి యంతరింపలేదు.

పిమ్మట జరిగినది విషాదచరిత్రము. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి హెచ్చింపుడని పని మానిరి. వారి స్థానమున బర్మీయులను నియమించిరి. రాజీ కుదిరి మనవారు మరల రాగా బర్మీయులకు పని పోయెను. ఆకలిగొన్నవారి కిరువురకును కలహము రేగి నూరుమందికి పైగా మరణించిరి. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడెను. 1942 మార్చిలో నగరము వారి వశమయ్యెను. లక్షలకొలది భారతీయులు ఆరకాను, మణిపురపు టడవుల మీదుగా కాలినడకను తరలిరి. త్రోవలో రాలినవా రనేకులు. నిలిచినవారును, తరువాత బోయినవారును 1962లో సైనిక ప్రభుత్వ మేర్పడిన పిదప తిరిగి రావలసివచ్చెను. విశాఖపట్టణమందలి బర్మా క్యాంపు పేరు నేటికిని దీనికి సాక్షి.

ఇట్లు తిరిగివచ్చునపుడు మేస్త్రిరికము వెంట రాదు. అది రేవుననే నిలిచిపోవును. కూలివాని బయానా ఋణము మాత్రము ఇంటివాకిట వేచియుండును. చేతిపని నేర్చినవాని నేర్పును, చదువుకొన్నవాని చదువును ఏ యూరనైనను అన్నము పెట్టును. నిజమైన యభివృద్ధికి మేమిచ్చు లక్షణమిదియే: యజమాని మారినను, దేశము మారినను, తన వెంట వచ్చునది.

ఇదంతయు పరుల కథ యని మనము తృప్తి పడరాదు. 1967 ఆగస్టు 4వ తేదీని నాగార్జునసాగరు కాలువలకు నీరు విడువబడెను. కుడికాలువ నీరు మన సీమకు వచ్చినది. డెల్టాకు కూలికి బోయినవారి మనుమలు మిరపకును ప్రత్తికిని యజమానులైరి. నేడు కర్నూలు జిల్లా పడమటి భాగమునుండి, ఆదోని, కోసిగి ప్రాంతములనుండి, కుటుంబములకు కుటుంబములు బిడ్డలతోగూడ మిరపకోతలకు మన చేలకు వచ్చుచున్నవి. పెక్కుచోట్ల వారును మేస్త్రి వెంట, బయానా పుచ్చుకొని, ముఠాగానే వచ్చుచున్నారు. 1979లో పుట్టిన వలస కార్మిక శాసనము రాష్ట్రమునుండి రాష్ట్రమునకు బోవువారి కొరకే యుండెను. ఆదోనినుండి వినుకొండకు వచ్చినవాడు రాష్ట్రము దాటలేదు గావున అది యతనికి వర్తింపలేదు. నాడు బర్మా కూలికి దేశము హద్దు. నేడితనికి రాష్ట్రము హద్దు. న్యాయ మొక్కటియే.

రైతు కష్టము మే మెరుగకపోలేదు. 2021–22లో నల్ల తామరపురుగు మిరపతోటలను పాడుచేసినపుడు అప్పులపాలైన గృహములు మన సంఘమునను గలవు. కాని యా యేడు కాయ లేనిచోట కోతయు లేదు. కూలివాని బయానా యప్పు మాత్రము తీరలేదు. ఇరువురి దుఃఖమును ఒకే చేనిలో మొలచినదే.

కావున పోషక మహాశయులకు మూడు మనవులు చేయుచున్నారము. మొదటిది: కూలి సొమ్ము మేస్త్రి చేతికిగాక కూలివాని చేతికే యిచ్చి, తూకమును లెక్కను వాని యెదుటనే చీటిపై వ్రాసి యీయుడు. రెండవది: కోతల నెలలలో కూలీల బిడ్డలు కల్లములయొద్ద గడపక బడికి బోవునట్లు ఊరి పాఠశాల యుపాధ్యాయులతో మాటలాడి కుదుర్పుడు. మూడవది: కాయల రకము తేల్చుట, తాలు వేరుచేయుట, కాటా లెక్క, ట్రాక్టరు మరమ్మతు మున్నగు పనులను నేర్వగోరు యువకులకు నేర్పి, నేర్చినవారికి కూలి హెచ్చింపుడు. మన సంఘపు విద్యానిధినుండి ఏటేట కొంత యిందులకు వినియోగింపవచ్చును. ఆ బిడ్డలు మన కులమువారు గారని యెవరైన ననవచ్చును. మన తాతలను డెల్టా గట్లపై కూలికి పిలిచినవారును మన కులమువారు గారు.

మన బిడ్డలు నేడు హైదరాబాదునకును అమెరికాకును ఉద్యోగములకు బోవుచున్నారు. వారికచ్చట న్యాయమైన వేతనమును, ఎదుగుటకు త్రోవయు దొరకవలెనని మనము కోరుచున్నాము. ఆ కోరికను మన చేని గట్టుమీద మొదట మనమే చెల్లించెదము గాక యని సంఘసోదరులను ప్రార్థించి విరమించుచున్నారము.