తంగేడు, గండు తుమ్మెద: మన గుట్టల ముచ్చట

బతుకమ్మకు తంగేడు తెస్తమని గుట్టకు పోయిన పిల్లలు సగం బుట్టతోనే తిరిగొచ్చిన్రు. అందుకే ఈ పాత ముచ్చట రాస్తున్న.

మన పక్కనున్న రాచకొండ 14వ శతాబ్దంల రేచర్ల రాజుల రాజధాని. కోట కూలింది గానీ ఆ గుట్టల మీద వానలు పడ్డంక తంగేడు ఇప్పటికీ పూస్తది. ఒకప్పుడు దాని పువ్వు కంటే చెక్కకే గిరాకీ. లందల తంగేడు చెక్క వేసి తోళ్లు నానవెట్టేటోళ్లు. మన తాతల మోట బొక్కెనలు, చెప్పులు అట్ల తయారైనయే. దక్షిణాఫ్రికా నుంచి తుమ్మ జాతి చెక్క, దానికి తోడు క్రోమ్ మందు వచ్చినంక తంగేడును అడిగేటోడు లేకపాయె. 2014ల రాష్ట్ర పుష్పం అయింది, మంచిదే. గట్ల మీద మాత్రం జేసీబీ ఆగలే.

ఈ పువ్వుల తేనె ఉండదు, పుప్పొడే. అది గూడ సన్న గొట్టాలల్ల ఉంటది, కొనకు చిన్న బొక్క. గండు తుమ్మెద పువ్వును గట్టిగ పట్టుకొని జుమ్మని ఒళ్లు అదిరిస్తది, అప్పుడు పొడి రాలుతది. తేనెటీగకు ఈ విద్య రాదు. మన వంకాయ పువ్వుది గూడ ఇదే తీరు. తుమ్మెద వాలితే కాయ మంచిగ కడ్తది. వంకాయ పూత లేనప్పుడు ఆ తుమ్మెదకు పుప్పొడి ఇచ్చేటియిల తంగేడు గూడ ఒకటి.

పోయినేడు నేనే తూర్పు గట్టు సాపు చేయించిన. ఈసారి పడమటి గట్టు ముట్టలే. పశువుల కొట్టం ఎండు వాసాలు మారుద్దామనుకున్న, తుమ్మెదలు అండ్ల బొక్కలు చేసుకున్నయని ఆపిన.