నవకల్పన నిర్వహణలో నాయకత్వం: ఆనంద్ పాల సహకార సంఘం అనుభవం

పరిచయం

సంస్థలో కొత్త పద్ధతిని, కొత్త వస్తువును ప్రవేశపెట్టి దానిని నిలబెట్టడాన్ని నవకల్పన నిర్వహణ అంటాం. ఇందుకు నాయకత్వంలో ఎటువంటి నైపుణ్యాలు అవసరమో గుజరాత్‌లోని ఆనంద్ పాల సహకార సంఘం చరిత్ర ఆధారంగా ఈ భాగంలో తెలుసుకుందాం.

నేపథ్యం

1940 దశకంలో ఖేడా జిల్లా నుంచి బొంబాయికి పాలు సేకరించి పంపే హక్కు పాల్సన్ అనే ప్రైవేటు సంస్థ చేతిలో ఉండేది. దళారుల వల్ల రైతులకు దక్కే ధర స్వల్పం. సర్దార్ పటేల్ సలహాతో, మొరార్జీ దేశాయ్ మార్గదర్శకత్వంలో రైతులు 1946లో పాల అమ్మకం ఆపి సమ్మె చేశారు. అదే సంవత్సరం డిసెంబరు 14న జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం నమోదైంది. దానికి త్రిభువన్‌దాస్ పటేల్ అధ్యక్షుడయ్యాడు. 1949లో ప్రభుత్వ ఉద్యోగిగా ఆనంద్ చేరిన ఇంజనీరు వర్గీస్ కురియన్ తరువాత సంఘం నిర్వహణ బాధ్యత చేపట్టాడు.

సమస్య, పరిష్కారం

గేదెలు వేసవిలో కంటే చలికాలంలో చాలా ఎక్కువ పాలు ఇస్తాయి. ఆ మిగులు పాలను కొనేవారు లేక రైతులు నష్టపోయేవారు. సభ్యుల పాలను అన్ని కాలాల్లోనూ కొనలేకపోతే సంఘంపై నమ్మకం సడలి, వారు మళ్లీ దళారులనే ఆశ్రయించే ప్రమాదం ఉంది. పాలను పొడిగా మార్చి నిల్వ చేయడమే మార్గం. అయితే పాశ్చాత్య దేశాల పాడి పరిశ్రమ ఆవుపాలపై ఆధారపడినది. కొవ్వు ఎక్కువగా ఉండే గేదెపాలను పొడిగా మార్చడం సాధ్యం కాదని విదేశీ నిపుణులు భావించారు.

పాడి సాంకేతిక నిపుణుడు హెచ్.ఎం. దలాయా ఈ అభిప్రాయంతో ఏకీభవించలేదు. రంగు చల్లే పరికరం, గాలిని వేడిచేసే యంత్రం వంటి మామూలు సాధనాలతో ప్రయోగం చేసి, గేదెపాలు పొడి అవుతాయని చూపాడు. ఆ తరువాతే పెద్ద కర్మాగారానికి ప్రయత్నాలు సాగాయి. యంత్రాల విషయంలో యునిసెఫ్ తోడ్పడింది. 1955 అక్టోబరు 31న ప్రధాని నెహ్రూ కర్మాగారాన్ని ప్రారంభించారు. సంఘం ఉత్పత్తులు ‘అమూల్’ పేరుతో దేశమంతటా ప్రసిద్ధి పొందాయి.

గమనించవలసిన నైపుణ్యాలు

మొదటిది, సమస్యను సరిగ్గా గుర్తించడం. ఇక్కడ నవకల్పన యంత్రంపై మోజుతో కాక, రైతు నష్టం నుంచి పుట్టింది. రెండవది, నిపుణుల మాటను వాదంతో కాకుండా ప్రయోగంతో పరీక్షించడం. చిన్న ప్రయోగం తక్కువ ఖర్చుతో పూర్తవుతుంది, విఫలమైనా సంస్థ తట్టుకోగలదు. మూడవది, వనరుల సమీకరణ. ప్రభుత్వాన్ని, అంతర్జాతీయ సంస్థలను ఒప్పించకపోతే దలాయా ప్రయోగం ప్రయోగంగానే మిగిలిపోయేది. నాల్గవది, బాధ్యతల పంపిణీ. రైతుల విశ్వాసాన్ని త్రిభువన్‌దాస్, నిర్వహణను కురియన్, సాంకేతికతను దలాయా చూసుకున్నారు. ఎన్నికైన అధ్యక్షుడు వృత్తి నిపుణులకు స్వేచ్ఛ ఇచ్చాడు. నిపుణులు రైతుల యాజమాన్యాన్ని గౌరవించారు.

ఈ విజయాన్ని చాలామంది కురియన్ ఒక్కడికే ఆపాదిస్తారు. ఆయన పాత్ర గొప్పదే. కానీ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఫలితం వేరుగా ఉండేది. రోజూ ఉదయం, సాయంత్రం పాలు తెచ్చి పోసిన గ్రామ సంఘాల సభ్యులు లేకపోతే కర్మాగారమే నడిచేది కాదు.

సారాంశం

ఆనంద్ నమూనాను ఇతర ప్రాంతాలకు విస్తరించడానికి 1965లో జాతీయ పాడి అభివృద్ధి మండలి ఏర్పడింది. 1970లో ‘ఆపరేషన్ ఫ్లడ్’ మొదలైంది. కొత్త ఆలోచన ఒకరికి తట్టవచ్చు. దానిని సంస్థ ఆచరణగా మార్చడానికి పరస్పర విశ్వాసం గల నాయకత్వ బృందం కావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గేదెపాల పొడి తయారీ సంఘానికి ఎందుకు అవసరమైంది?
2. మీకు తెలిసిన ఒక సంస్థలో ప్రవేశపెట్టిన మార్పును పై నాలుగు నైపుణ్యాల దృష్టితో విశ్లేషించండి.