22 పొయ్యిల పాఠం
ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ఏటా పుష్య అమావాస్యకు మన నాగోబా జాతర. మెస్రం వంశీయులు కాలినడకన వెళ్లి గోదావరి జలం తెచ్చి, మర్రిచెట్ల కింద బస చేస్తారు. ఎన్ని కుటుంబాలు వచ్చినా వంట 22 పొయ్యిల మీదే. కట్టెను పొదుపుగా వాడమని చెప్పే బడిగా మేము దీన్ని చూస్తాం.

1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను మన గూడేలకు పంపింది. ఆయన చొరవతోనే జాతరలో దర్బార్ మొదలైంది. భూమి, అడవి గోడు అధికారులకు అక్కడే చెప్పుకుంటున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దర్బార్ అడవిని అడగడం నేర్పింది, పొయ్యిలు అడవిని కాపాడడం నేర్పాయి. రెండూ మనవే. ఈసారి జాతరకు ప్లాస్టిక్ సంచులు లేకుండా వెళ్దాం, ఆ పొయ్యిల కథ పెద్దలను అడుగుదాం.