దిద్దుబాటు కథ - మన పిల్లల వ్రాఁతలు

కథను జదువుట వేఱు, కథనుండి నీతివాక్యము నేఱుకొనుట వేఱు. గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు'లోని ప్రధానాంశమును వ్రాసి తెండని నా తరగతివారికిఁ జెప్పితిని. వచ్చిన పుస్తకములలో దాదాపన్నిటను నొకటే మాట: భర్త చెడుత్రోవఁ బట్టరాదు. మాట తప్పు గాదు. కాని దానిని జెప్పుటకుఁ గథ యక్కఱలేదు, పెద్దబాలశిక్ష చాలును.

ఈ కథ 1910వ సంవత్సరమున ఆంధ్రభారతిలో వెలువడెను. గోపాలరావు రాత్రులు వేశ్యల పాటకుఁ బోవుచు, భార్యతో సభలకుఁ బోవుచున్నానని చెప్పును. కమలిని నిజమెఱిఁగి, పుట్టినింటికిఁ బోవుచున్నానని జాబు వ్రాసిపెట్టి మంచముక్రింద దాఁగును. అతఁడు పరితపింపఁగా నామె నవ్వును.

అతఁ డాడిన కల్ల యెట్టిదో విద్యార్థి చూడవలెను. ఆ కాలమున 'సభ' యను మాట గౌరవప్రదమైనది. వీరేశలింగముగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి సంఘదురాచారములను ఖండించిరి. 1881లో రాజమహేంద్రవరమునఁ దొలి వితంతువివాహమును జరిపించిరి. 1893లో మద్రాసులోని సంఘసంస్కర్తలు, రాజప్రతినిధియు గవర్నరును భోగముమేళములకుఁ బోరాదని విన్నపము చేసికొనఁగా నిరువురును నిరాకరించిరి. ఇంత ప్రయాసచే సంపాదింపఁబడిన గౌరవమును గోపాలరావు ముసుఁగుగాఁ గప్పుకొనెను. కావున నిందలి విషయము వేశ్యాలోలత మాత్రమే కాదు. గడప దాఁటి లోనికి రాని సంస్కారము.

రెండవది, కమలిని జాబు. వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించినది 1874లోనే. స్త్రీకిఁ జదువేల యని లోకము వాదించుచున్న దినములలో, కథలోని యిల్లాలు కేకలు వేయలేదు, కన్నీరు గార్చలేదు, కలము పట్టెను. అంతకుమున్నే, 1902లో, భండారు అచ్చమాంబగారు 'ధన త్రయోదశి' కథలో దొంగసొమ్ము తెచ్చిన భర్తను భార్యచేత దిద్దించిరి. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కనఁ జదివించినచో, దిద్దుట యను భావ మొక్క రచయితది గాక యొక తరమువారి యాశ యని బాలురకుఁ దెలియును.

మూఁడవ ప్రశ్న కష్టమైనది. ఆ పాట పాడిన స్త్రీ కథలో నోరు విప్పదు. ఆమె బ్రతుకుతెరు వేమి? ఆమె నెవరు దిద్దిరి? 1947లో మద్రాసు ప్రభుత్వము దేవదాసీ సమర్పణమును నిషేధించెను. ఆ యుద్యమమునకు ముత్తులక్ష్మీరెడ్డిగారు పాటుపడఁగా, బెంగుళూరు నాగరత్నమ్మగారు ప్రతిఘటించిరి. నిషేధము న్యాయమే, కాని యా స్త్రీల విద్యను, భుక్తిని గూర్చి పట్టించుకొన్నవారు తక్కువ. ఈ మౌనమును గుర్తించిన బాలిక యొక్కతె నా తరగతిలో నుండెను. ఆమె వ్రాఁతలో దోషములు పెక్కు. అయినను దానికే నే నెక్కువ మార్కు లిచ్చితిని.

1914లో అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన యసమ్మతిపత్రము తెలుఁగు వ్యాసరచనను గూర్చినదే. విద్యార్థి తనకు సహజమైన భాషలో వ్రాయవలెనని వారి వాదము. ఆయన కథమీఁదనే మన పిల్లలు వ్యాఖ్యానపుస్తకములలోని వాక్యములఁ జూచి వ్రాయుచున్నారు! గ్రాంథికమును విడువలేని నేను భాషనుగూర్చి తగవులాడఁజాలను. కాని భావమైనను వారిది కావలదా? తలిదండ్రులారా! ఈ రాత్రి మీ పిల్లవాని పుస్తకమును దెఱచి, వ్రాసినది బాగున్నదా యని గాక, నీ వనుకొన్న దిదేనా యని యడుగుఁడు. దిద్దుబాటున కదియే మొదలు.