కంటికి కనబడని బీట

సంతలో కొత్త కుండ కొనేటప్పుడు మన పెద్దలు దానిని చేతిలోకి తీసుకొని వ్రేలి కణుపుతో తట్టి చూడడం అందరూ ఎరిగిన విషయమే. కుండ కంగుమని మోగితే మంచిది. మ్రోత పలచబడి బొంగురుపోతే ఎక్కడో బీట ఉన్నదన్నమాట. ఆ బీట కంటికి కనబడదు. అయినా ఉన్నదని చెవి చెప్పుతుంది. ఆకాశంలో ముప్పదివేల అడుగుల పైన ఎగిరే విమానాలకు, వాటి ఇంజన్లకు నేడు చట్టప్రకారం తప్పనిసరిగా జరిపే పరీక్షలకు కూడా మూలసూత్రం ఇదే. కాని ఈ చిన్న సూత్రాన్ని ఎంత శ్రద్ధగా పాటించవలెనో తెలుసుకొనడానికి మానవుడు చాలా పెద్ద వెల చెల్లించవలసి వచ్చినది.

విమానాలకు పరీక్షలు కొత్తవి కావు. మన దేశంలోనే 1934లో విమానచట్టం, 1937లో విమాన నియమావళి ఏర్పడినవి. ఎగురుటకు తగినదని యోగ్యతాపత్రం పొందనిదే ఏ విమానమూ ఎగరరాదన్నది వాటి సారం. ఆనాటి విమానాలలో కొయ్య, గుడ్డ, తీగలు విశేషంగా ఉండేవి. గుడ్డ చిరిగినా, కొయ్య పగిలినా, తీగ సడలినా అనుభవం గల మెకానిక్కు కంటితో చూచి, చేతితో తడిమి తెలుసుకొనేవాడు. లోహంతో చేసిన విమానాలు వచ్చి, అవి మేఘమండలాన్ని దాటి పైకి పోవడం ఆరంభించిన తరువాత ఆ చూపు, ఆ స్పర్శ చాలకపోయినవి.

ఇంగ్లండులోని డి హావిలండ్ సంస్థ నిర్మించిన కామెట్ విమానం 1949 జూలై 27న తొలిసారి ఎగిరినది. 1952 మే 2న అది ప్రయాణికులతో లండన్ నుండి జొహాన్నెస్‌బర్గ్‌కు బయలుదేరినది. జెట్ విమానంలో టిక్కెట్టు కొని ప్రయాణించడం ప్రపంచంలో అదే మొదలు. పంకాల విమానాలు మబ్బులలో పడి ఊగిసలాడుతూ పోతుంటే కామెట్ వాటికి ఎంతో పైన, ప్రశాంతమైన ఆకాశంలో, అంతకుముందు ఎరుగని వేగంతో సాగిపోయేది. చూచినవారందరూ కొత్తయుగం వచ్చినదనుకొన్నారు.

సరిగ్గా సంవత్సరం తిరిగినది. 1953 మే 2న కలకత్తాలోని డండం విమానాశ్రయం నుండి ఢిల్లీకి బయలుదేరిన కామెట్ కొద్ది నిమిషాలకే గాలివానలో చిక్కి, ముక్కలై కూలిపోయినది. అందులోని 43 మందీ మరణించినారు. మన దేశంలో జరిగిన విచారణలో తీవ్రమైన గాలితాకిడిని ప్రధానంగా పేర్కొన్నారు. 1954 జనవరి 10న మరొక కామెట్ రోము నుండి లేచి ఎల్బా ద్వీపం వద్ద సముద్రంలో పడిపోయినది. 35 మంది చనిపోయినారు. తొలి జెట్ ప్రయాణం చేసిన విమానం అదే. ఆనాడు అక్కడ గాలివాన లేదు.

వెంటనే కామెట్లను నిలిపివేసి తనిఖీ చేసినారు. నిప్పు అంటుకొన్నదేమో, ఇంజనులో రెక్క విరిగి తగిలినదేమో అని ఊహించి, ఊహించిన ప్రతి కారణానికీ విరుగుడుగా సుమారు అరవై మార్పులు చేసినారు. మార్చి 23న విమానాలు మళ్ళీ ఎగిరినవి. పదునారు దినాలు గడిచినవి. ఏప్రిల్ 8న రోము నుండి కైరోకు పోతున్న కామెట్ నేపుల్సుకు దక్షిణంగా సముద్రంలో కూలినది. 21 మంది మరణించినారు. చేసిన మరమ్మతులలో లోపం లేదు. రోగమేదో తెలియక మందు వేసినారు, అంతే. ఈసారి ప్రభుత్వం కామెట్ యోగ్యతాపత్రాన్నే ఉపసంహరించినది.

ఫార్న్‌బరోలోని రాజకీయ విమాన పరిశోధనాలయం అధిపతి ఆర్నాల్డ్ హాల్ పరిశోధనకు పూనుకొన్నాడు. ఎత్తున గాలి పలచన గనుక ప్రయాణికుల కొరకు విమానం లోపల గాలిని ఒత్తి నింపుతారు. కామెట్‌లో ఆ ఒత్తిడి బయటికంటె చదరపు అంగుళానికి ఎనిమిది పౌన్లకు పైగా హెచ్చుగా ఉండేది. అంటే ప్రతి ప్రయాణంలోను విమానపు దేహం పైకి పోయినప్పుడు ఒకింత ఉబ్బుతుంది, దిగినప్పుడు సడలుతుంది. ఇనుప తీగను ఒకసారి వంచితే విరగదు. అటూ ఇటూ పదేపదే వంచితే పుటుక్కున తెగుతుంది. దీనినే లోహపు అలసట అంటారు.

హాల్ బృందం ఒక పెద్ద నీటితొట్టి కట్టి, ఒక కామెట్ దేహాన్ని అందులో ఉంచి, రెక్కలు బయటకు వచ్చేటట్లు అమర్చినది. గాలితో పరీక్షిస్తే విమానం బాంబువలె పేలిపోయి ఆనవాలు మిగలదు. నీరు అట్లు వ్యాకోచించదు గనుక పగులు ఎక్కడ పుట్టినదో తెలుస్తుంది. విమానం లోపలికి నీరు ఒత్తి, వదలి, మళ్ళీ ఒత్తి రాత్రింబగళ్ళు ఉత్తుత్తి ప్రయాణాలు చేయించినారు. 1954 జూన్ చివర, నిజప్రయాణాలు, ఉత్తుత్తి ప్రయాణాలు కలిసి మూడువేలు దాటిన తరువాత, దేహం ఒక కిటికీ మూల నుండి చీలిపోయినది. ఎల్బా వద్ద సముద్రగర్భం నుండి వెలికితీసిన పైకప్పు ముక్కలోను అటువంటి పగులే కనబడినది. ఆ విమానం చేసినవి 1,290 ప్రయాణాలు మాత్రమే. నేపుల్సు వద్ద కూలినది 900 చేసినది.

నిర్మాతలు అజాగ్రత్తపరులు కారు. వారు ముందే ఒక దేహభాగాన్ని పదివేల మారులకు మించి ఉబ్బించి పరీక్షించినారు. అయితే ఆ భాగాన్నే అంతకుముందు రెట్టింపు ఒత్తిడితో పరీక్షించి ఉన్నారు. ఆ హెచ్చు ఒత్తిడి మూలల వద్ద లోహాన్ని గట్టిపరచినది. పరీక్షించిన ముక్క ఎగిరే విమానాలకంటె బలమైనదయినది. పరీక్ష కూడా మనిషిని మోసగించగలదని దీనివల్ల తెలిసినది.

విమానం వయస్సును సంవత్సరాలలో గాక ప్రయాణాల సంఖ్యలో లెక్కించవలెనని, ఆ లెక్క ప్రకారం దేహాన్ని మళ్ళీ మళ్ళీ వెదకవలెనని కామెట్ నేర్పినది. ఇక అటువంటి దోషం బయటపడితే ఆ రకం విమానాలన్నింటికీ వర్తించే తప్పనిసరి ఉత్తర్వు వెలువడుతుంది. ఏ భాగం చూడవలెను, ఏ విధంగా చూడవలెను, ఎన్ని ప్రయాణాలలోగా చూడవలెను, బీట ఉంటే ఏమి చేయవలెను అన్నవి అందులో ఉంటవి. గడువు దాటితే ఆ విమానం ఎగరడం చట్టవిరుద్ధం. నిర్మాత పంపే సూచనాపత్రం వేరు, అది సలహా. ఉత్తర్వు శాసనం.

ఈ తేడా ఎంతటిదో 1988లో హవాయి దీవులలో తెలిసినది. అలోహా సంస్థకు చెందిన బోయింగ్ 737 విమానం దీవి నుండి దీవికి, ఉప్పుగాలిలో, పొట్టి ప్రయాణాలు చేస్తూ పందొమ్మిది సంవత్సరాలలో 89,680 మారులు ఎగిరినది. అటువంటి విమానాలలో దేహపు రేకులు ఒకదానిపై ఒకటి అతికే అతుకులన్నింటినీ పరీక్షించవలసినదని నిర్మాత సూచించి ఉన్నాడు. ప్రభుత్వపు తప్పనిసరి ఉత్తర్వు మాత్రం వానిలో కొన్ని అతుకులకే పరిమితమయినది. ఏప్రిల్ 28న ఇరువదినాలుగువేల అడుగుల ఎత్తున పైకప్పు సుమారు పదునెనిమిది అడుగుల పొడవున ఊడిపోయినది. ఒక పరిచారిక గాలిలోకి కొట్టుకొనిపోయినది. చోదకులు విమానాన్ని దించగలగడం వల్ల తక్కినవారు బ్రతికినారు. ఆ ఉదయం విమానమెక్కుతూ ఒక ప్రయాణికురాలు తలుపు సమీపాన బీట చూచినదట. కాని ఎవరికీ చెప్పలేదు. విచారణసంఘం ఆ సంస్థ తనిఖీ పద్ధతిని, ఉత్తర్వులోని కొరతను రెంటినీ తప్పు పట్టినది. తరువాత అమెరికాలో వయస్సు మీరిన విమానాలకు ప్రత్యేకమైన శాసనం వచ్చినది.

ఇంజనుది మరొక కథ. 1989 జూలై 19న డెన్వర్ నుండి చికాగోకు పోతున్న డీసీ-10 విమానపు తోక ఇంజనులో పంకాను మోసే టైటానియం చక్రం పగిలినది. ఆ ముక్కలు విమానాన్ని త్రిప్పే సాధనాలన్నింటినీ తెంచివేసినవి. సూ నగరం వద్ద నేలను తాకిన ఆ విమానంలోని 296 మందిలో 112 మంది మరణించినారు. చక్రం 1971లో తయారయినప్పుడే లోహంలో ఒక చిన్న దోషం ఉన్నది. అక్కడ పుట్టిన బీట ఏటేటా పెరిగినది. ప్రమాదానికి సుమారు ఏడాదిన్నర ముందు ఆ చక్రాన్ని తీసి, బీటలలోకి ఇంకి నీలలోహిత కాంతిలో మెరిసే ద్రవం పూసి పరీక్షించినారు. అప్పటికే బీట దాదాపు అర అంగుళం ఉన్నదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టినారు. పరీక్షకునికి అది కనబడలేదు. ఉత్తర్వు ఉన్నంత మాత్రాన చాలదు; తట్టేవాని చెవి కూడా మేలుకొని ఉండవలెను.

అందువలననే నేడు ఒకే చూపుపై ఆధారపడరు. లోహంలోకి విద్యుత్ ప్రవాహాన్ని, చెవికి వినబడని శబ్దతరంగాలను పంపి బీటలు వెదకుతారు. ఇంజను విప్పకుండా లోపలికి సన్నని గొట్టం వంటి కెమెరాను దూర్చి రెక్కలను ఒక్కొక్కటిగా చూస్తారు. కొన్నేండ్లకొకసారి విమానాన్ని ఆసనాలు, గోడలు ఊడదీసి అస్థిపంజరం బయటపడేవరకు విప్పుతారు. మన శంషాబాదు విమానాశ్రయం ప్రక్కనే అటువంటి మరమ్మతుశాలలు ఉన్నవి. మన 1934 నాటి చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన అధినియమం అమలుకు వచ్చినది. చట్టం పేరు మారినా, పరీక్షించినవాడు తన పేరు వ్రాసి సంతకం చేయనిదే విమానం కదలరాదన్న నియమం మారలేదు.

మనలో ఎవరైనా విమానాశ్రయంలో కూర్చొని ఉండగా, సాంకేతిక కారణం వల్ల ఆలస్యమని ప్రకటన వినబడితే విసుగు కలగడం సహజం. పెండ్లి ముహూర్తం తప్పుతుందేమో, ఉద్యోగంలో చేరే వేళ దాటుతుందేమో. ఆ సమయాన ఎవరో ఒక మెకానిక్కు దీపం పట్టుకొని ఒక అతుకును రెండవమారు చూస్తూ ఉండవచ్చును. ఎల్బా వద్ద, హవాయిలో, సూ నగరంలో ప్రాణాలు కోల్పోయినవారికి దొరకనిది ఆ రెండవ చూపే.