పరుగూ పాదరక్షా

పోలీసు ఉద్యోగాల ప్రకటన వెలువడిన సంవత్సరం నారాయణఖేడ్ వంటి ఊళ్ళలో తెల్లవారకముందే కాళ్ళ చప్పుడు వినవస్తుంది. 2022 నాటి ప్రకటన ప్రకారం తెలంగాణలో కానిస్టేబులు ఉద్యోగం కోరే పురుషుడు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలోను, స్త్రీ 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలోను పరుగెత్తి ముగించవలెను. సేద్యపు కుటుంబంలో పుట్టిన పిల్లవానికి ఆ ఏడు నిమిషాల వెనుక ఒక జీవితకాలపు జీతం ఉన్నది. కనుకనే పరుగు మొదలు పెట్టకముందే అతని మనసులో మెదిలే ప్రశ్న ఒకటి: ఏ బూట్లు కొనవలెను? మన నేలమీద పరుగు ఎంత పాతదో, పరుగుకంటూ ప్రత్యేకంగా ఒక బూటు ఉండడం అంత ఇటీవలిది. ఆ కథ కొంత తెలిసి ఉంటే అంగడిలో మోసపోయే అవకాశం తగ్గుతుంది.

జీతానికి పరుగెత్తడం కూడా మనకు కొత్త కాదు. టపాసంచిని భుజాన వేసుకొని ఒక మజిలీ నుండి మరొక మజిలీకి పరుగెత్తే మనిషిని హర్కారా అనేవారు. పారశీకంలో ఆ మాటకు అన్ని పనులూ చేసేవాడని అర్థం. అతని చేతి కర్రకు గజ్జెలుండేవి. ఆ చప్పుడుకు అడవిమృగాలు తొలగిపోయేవి, తరువాతి మజిలీలోని మనిషి సిద్ధమయ్యేవాడు. ఇట్లు వంతులవారీగా టపా నడిచే ఏర్పాటునే తెలుగులో అంచె అన్నారు. అంచెలంచెలుగా అని మనం నేడు ఏ పనికైనా వాడుకొంటున్న మాట ఆ పరుగునుండి వచ్చినదే. నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలో ఉండి, ఆపైన మెదక్ జిల్లాలోనికి, 2016లో సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చినది. అక్కడినుండి సరిహద్దు దాటితే కన్నడంలో తపాలాఫీసును నేటికీ అంచె కచేరి అనే అంటారు. నిజాం రాజ్యానికి తన సొంత తపాలా శాఖ ఉండేది. 1869లో సొంత బిళ్ళలు వేసుకొన్న ఆ శాఖ 1950లో భారత తపాలాలో కలిసినది. హర్కారాలను చూపే పాత చిత్రాలలో వారి కాళ్ళకు చాలవరకు చెప్పులు కనిపించవు.

చెప్పులు లేక కాదు. లందలో తంగేడు చెక్కతో ఊరిన తోలును మాదిగ పనివాడు మనిషి పాదం కొలిచి కోసి కుట్టేవాడు. నాడు పాదరక్షకు అంకెల సైజు లేదు, పాదమే సైజు. ఈ ఒక్క విషయంలో నాటి రైతు నేటి కొనుగోలుదారుని కంటె అదృష్టవంతుడని నా అభిప్రాయం. కాని ఆ చెప్పు నడకకు పుట్టినది. బొటనవ్రేలి ఉంగటం పట్టున నిలిచే చెప్పు పరుగులో నిలువదు. అందుచేత పరుగెత్తవలసి వచ్చినప్పుడు చెప్పులు చేతిలోనికి వచ్చేవి.

ఆ చెప్పులు లేని పరుగే మన దేశాన్ని ఒలింపిక్స్‌కు తీసుకొనిపోయినది. 1919లో పూనా దక్కన్ జింఖానా పోటీలలో వ్యవసాయ కుటుంబాల యువకులు ఉత్తకాళ్ళతో పరుగెత్తడం చూచి దొరాబ్జీ టాటా ఆశ్చర్యపోయినాడు. ఆయన పూనికతో 1920లో ఆంట్‌వెర్ప్‌కు వెళ్ళిన చిన్న జట్టులో బెళగాం వాడైన ఫడెప్ప చౌగులే ఒకడు. మారథాన్ పరుగులో అతనికి 19వ స్థానం దక్కినది.

ఇక బూటు కథ. రబ్బరును గంధకంతో కాచి గట్టిపరచే విధానాన్ని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్న తరువాతనే గుడ్డపై భాగము, రబ్బరు అడుగు గల బూటు సాధ్యమైనది. 1895 ప్రాంతంలో ఇంగ్లండులోని బోల్టన్ పట్టణంలో జోసెఫ్ విలియం ఫాస్టర్ అడుగున మేకులున్న పరుగు బూట్లు కుట్టినాడు. మన దేశంలో బాటా సంస్థ 1932లో కలకత్తా సమీపాన కొన్నగర్‌లో పని ఆరంభించి, పిమ్మట బాటానగర్‌ను నిర్మించుకొన్నది. కాన్వాసు బూటు బడి వ్యాయామ తరగతిలోనికి వచ్చిన మార్గం ఇది. ఆటల పోటీకి ముందు రాత్రి ఆ బూట్లకు సుద్ద రుద్ది ఆరబెట్టినవారు శ్రోతలలో చాలామంది ఉందురు. నావి మా అన్నగారి బూట్లు. ముందువైపు గుడ్డపీలికలు కుక్కి తొడుగుకొని పరుగెత్తితే సగం దూరంలోనే మడమ బొబ్బలెక్కినది. విప్పి పారవేసి మిగిలిన సగం ఉత్తకాళ్ళతో పరుగెత్తి చివరివాడుగా వచ్చినాను.

బూటు గొప్పదా, కాలు గొప్పదా అన్న వాదానికి ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా ఒక్కడే రెండు సమాధానాలు చెప్పినాడు. 1960లో రోమ్‌లో, ఇచ్చిన కొత్త బూట్లు కాలికి కుదరకపోవడంతో, అలవాటైన ఉత్తకాళ్ళతోనే రాళ్ళు పరచిన వీథుల మీదుగా మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచినాడు. నాలుగేండ్ల తరువాత టోక్యోలో, ఉండుకపుచ్చ శస్త్రచికిత్స జరిగిన కొద్ది వారాలకే, బూట్లు తొడుగుకొని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మరల గెలిచినాడు. ఒకే మనిషి, రెండు విధాల కాళ్ళు, రెండు స్వర్ణపతకాలు. ఈ కథను ఉత్తకాళ్ళ ఘనతగా చెప్పుకొనేవారు టోక్యోను మరచిపోతారు. బూట్లవారు రోమ్‌ను మరచిపోతారు. రెండవ పరుగులో తగ్గిన మూడు నిమిషాలను బూటు ఖాతాలో వేయడం తొందరపాటు. కాలికి కుదరని బూటును రోమ్‌లో విడిచిపెట్టడమే అతడు చేసిన అసలైన ఎంపిక.

మన సమీపంలోనే మరొక ఉదాహరణ ఉన్నది. మిల్ఖాసింగ్ పోటీ పరుగు నేర్చినది సికింద్రాబాదులోని సైన్యపు ఇ.ఎం.ఇ. కేంద్రంలో. అక్కడ కొత్త సైనికుల క్రాస్‌కంట్రీ పరుగులో మొదటి పదిమందిలో నిలువడంతో ఆయన దారి మారినది. 1960లో రోమ్‌లో 400 మీటర్ల పరుగులో నాలుగవ స్థానం వరకు పోయిన ఆ ప్రయాణానికి ఆరంభం బూట్ల అంగడి కాదు, సైన్యపు మైదానం.

1971లో అమెరికా శిక్షకుడు బిల్ బవర్‌మన్ తన ఇంటి అట్ల పెనం వంటి గళ్ళ పెనంలో రబ్బరు పోసి కొత్త అడుగును తయారు చేసినాడు. పెనం మాత్రం పాడైనది! ఆ తరువాత మెత్తని నురుగు అడుగులు వచ్చినవి. 2010లో హార్వర్డు శాస్త్రజ్ఞుడు డేనియల్ లీబర్‌మన్, చిన్ననాటినుండి ఉత్తకాళ్ళతో పరుగెత్తేవారు మడమకు బదులు ముంగాలి మీద దిగుతారని, నేల తాకిడి వారికి తక్కువని చూపినాడు. దానిని చదివి బూట్లు ఒక్క దినంలో విప్పివేసినవారు పిక్కల నొప్పితో మంచమెక్కినారు. వేగం పెంచే దళసరి అడుగులు ప్రబలగా, 2020లో ప్రపంచ అథ్లెటిక్ సంస్థ రోడ్డు బూటు అడుగు 40 మిల్లీమీటర్లకు మించరాదని కట్టడి చేసినది. అవి సెకన్ల కోసం పోరాడేవారి కొలతలు. ఏడు నిమిషాల పరుగు నేర్చేవానికి వాటితో పని లేదు.

అతడు సాయంత్రం వేళ అంగడికి పోవలెను. పగలంతా తిరిగిన పాదం కొంత ఉబ్బి ఉంటుంది, పరుగులోనూ అట్లే ఉబ్బుతుంది. మేజోళ్ళు తొడిగి చూడవలెను. పొడుగైన వ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటు మిగలవలెను. అరిగితే సర్దుకొంటుందని అంగడివాడు చెప్పే బూటును అక్కడనే విడిచిపెట్టవలెను. ఆడపిల్లలకు బూటుతోపాటు పరుగుకు తగిన బిగువైన లోదుస్తు కూడా అవసరమే. దానిని అమెరికాలో ముగ్గురు స్త్రీలు 1977లో తమ అవసరంకొద్దీ తామే కుట్టుకొన్నారు. అంతవరకు పరుగు దుస్తుల వ్యాపారికి ఆ ఆలోచనే రాలేదు.

నారాయణఖేడ్ చుట్టుపట్ల నేల రెండు రకాలు, కొంత ఎర్రని మొరం, కొంత నల్లరేగడి. మొరం నేలమీద సామాన్యమైన అడుగు గల బూటు చాలును. తొలకరి పడిన తరువాత రేగడి దారిలో ఎంత ఖరీదైన బూటైనా నాలుగడుగులలో శేరు మట్టిని ఎత్తుకొంటుంది. ఆ రోజులలో పరుగును తారురోడ్డు అంచుకు, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించే వైపునకు మార్చుకొనవలెను.